ప్రత్తి తీయు పాత యంత్రములు – సారథి ధర్మము

(గ్రంథాలయ రజతోత్సవ సభలో గావించిన ఉపన్యాసమునకు లిఖిత రూపము)



భారతకథ నెరిగినవారికి రథమెక్కిన వీరుని పేరే కాక, పగ్గములు పట్టినవాని పేరును జ్ఞాపకముండును. అర్జునునకు కృష్ణుడు, ఇంద్రునకు మాతలి, కర్ణునకు తుది దినమున శల్యుడు. ఉత్తరకుమారుడు విల్లు పట్టి గెలువబోయి, తుదకు పగ్గములు పట్టిన పిమ్మటనే ఆ గోగ్రహణ యుద్ధము గెలుపుదారి పట్టినది. ఇక కర్ణుడో! అస్త్రవిద్యలో అంతటివాడు, కాని రథచక్రమును నేల మ్రింగినపుడు విల్లు ప్రక్కన బెట్టి దిగవలసివచ్చెను. బండి యెంత గట్టిదైనను, దాని బ్రదుకు చక్రము క్రింది నేలమీదను, పగ్గము పట్టిన చేతిమీదను ఆధారపడియున్నదని ఆ కథ చెప్పక చెప్పుచున్నది.

నేటి ప్రసంగమునకు విషయము అమెరికా దేశమున పుట్టిన ప్రత్తి తీయు పాత యంత్రములు. అవి యెందుచేత ఒరిగిపడును, వానిని క్షేమముగా నడుపుట యెట్లు అనునది. ప్రత్తి పండించు తెలుగు రైతునకు ఈ యంత్రముతో పనియేమి యని యెవరైన అడుగవచ్చును. తెలుగునాట ప్రత్తి నేటికిని చాలవరకు స్త్రీల చేతివ్రేళ్లతోనే తీయబడుచున్నది. అయినను ఆ యంత్రమును పడద్రోయు బలమును, మార్కెట్టునకు ప్రత్తిబోరెములతో పోవు ట్రాక్టరు ట్రక్కును పడద్రోయు బలమును ఒక్కటియే. శాస్త్రమునకు దేశభేదము లేదు. దూరపు బండిని చూచి నేర్చిన పాఠము దగ్గరి బండికి పనికివచ్చును.

ముందుగా యంత్రము పుట్టుక కొంచెము తెలిసికొందము. ప్రత్తి తీయు యంత్రమునకు తొలి పేటెంటు 1850లో మెంఫిస్ నగరవాసులైన రెంబర్ట్, ప్రెస్కాట్ అను నిరువురకు లభించినది. కాని పేటెంటు పుచ్చుకొనుట వేరు, చేనిలో ప్రత్తి తీయుట వేరు. వరివలె ప్రత్తి యొక్కమారు పండదు. ఒక చెట్టునందే విచ్చిన కాయ, విచ్చుచున్న కాయ, పచ్చికాయ, పూవు కలిసియుండును. విచ్చినదానినే యేరి, తక్కినవానిని ముట్టక, ఆకు చెత్త చేరనీయక దూదిని లాగవలెను. కూలియాలి కన్నును, వ్రేలును చేయు ఈ పనిని ఇనుముచేత చేయించుటకు దాదాపు నూరేండ్లు పట్టినది.

అందులకు దారి చూపినది కదురు. పందొమ్మిదవ శతాబ్దాంతమున ఏంగస్ కాంప్‌బెల్ అనునాతడు తిరుగు కదురులతో దూదిని చుట్టి లాగు పద్ధతిని సాధింపజూచెను. 1892లో టెక్సాసు రాష్ట్రమున జన్మించిన జాన్ రస్ట్ బాల్యమున తానే ప్రత్తి తీసినవాడు. మంచు తడిసిన వేళ దూది వ్రేళ్లకు అంటుకొనుట ఆతనికి జ్ఞాపకము. అవ్వ నూలు వడకునపుడు కదురు తడుపుట కూడ జ్ఞాపకము. ఈ రెండు జ్ఞాపకములను కలిపి, 1927లో నునుపైన కదురును తడిపి దూదిని అంటించు ఉపాయమును కనుగొనెను. 1936లో మిసిసిపీ రాష్ట్రమందలి స్టోన్‌విల్‌లో రస్ట్ సోదరుల యంత్రమును ప్రదర్శించినపుడు ఆశ్చర్యముతోబాటు భయమును కలిగినది. లక్షలాది కూలీల గతి యేమని జనులు ప్రశ్నించిరి. ఆ ప్రశ్న యంత్రము చేసిన ఆ సోదరులను గూడ బాధించినది.

ఇంటర్నేషనల్ హార్వెస్టర్ వారు ముండ్లుగల కదురులతో వేరొక యంత్రమును తీర్చి, 1942లో అది సిద్ధమైనదని ప్రకటించిరి. 1944 అక్టోబరు 2వ తేదీన మిసిసిపీలోని క్లార్క్స్‌డేల్ చెంత హాప్సన్ వారి తోటలో ఎనిమిది ఎఱ్ఱ యంత్రములు చేనిలో నడువగా, చూచుటకు వేలమంది వచ్చిరి. నేర్పరియైన మనిషి గంటకు 20 పౌనుల ప్రత్తి తీయుచుండగా, యంత్రము గంటకు 1000 పౌనుల వరకు తీసినది. హాప్సన్ లెక్క ప్రకారము బేలు ఒక్కింటికి చేతితీతకు 39 డాలర్ల 41 సెంట్లు, యంత్రమునకు 5 డాలర్ల 26 సెంట్లు ఖర్చైనది. ఈ రెండంకెలను ప్రక్కప్రక్కన వ్రాసినవానికి వేరు వ్యాఖ్యానమక్కరలేదు. ఆ వెనుక పాతికయేండ్లలో ఆ దేశపు ప్రత్తి దాదాపు సర్వమును యంత్రముపాలైనది. చేలను నమ్ముకొన్న నల్లజాతి కూలి కుటుంబములనేకము ఉత్తరపు నగరములకు తరలిపోయినవి.

ఆ తొలినాటి యంత్రములలో ఒకటి కాలిఫోర్నియాలోని ఫ్రెస్నో ప్రాంతమున పనిచేసి, 1959లో విశ్రాంతి పొంది, 'ఓల్డ్ రెడ్', అనగా 'పాత ఎఱ్ఱది' అను ముద్దుపేరుతో వాషింగ్టన్ నగరమందలి స్మిత్‌సోనియన్ సంస్థవారి అమెరికా చరిత్ర సంగ్రహశాలకు చేరినది. సంగ్రహశాలలోని యంత్రము కదలదు గనుక ప్రమాదము లేదు. అభిమానులు బాగుచేసి, రంగువేసి, ప్రదర్శనల నాడు చేనిలోనికిని రోడ్డుమీదికిని నడిపించు పాత యంత్రముల సంగతి వేరు. వానిపై నెక్కువానికి వాని స్వభావము తెలిసియుండవలెను.

ఆ స్వభావమెట్టిది? ఈ పాత యంత్రము ప్రత్యేకముగా తలపెట్టి కట్టిన బండి కాదు. ఫార్మాల్ జాతి ట్రాక్టరును వెనుకముందుగా త్రిప్పి, వెనుకకు నడుపుటే ముందునడకగా చేసినారు. ట్రాక్టరు పెద్ద చక్రములు ముందరికి వచ్చినవి. వానికి ముందర కదురుల పీపాలు. సాలులోని చెట్లు ఆ పీపాల నడుమ దూరగా, కదురులు గిఱ్ఱున తిరిగి దూదిని చుట్టుకొనును. రబ్బరు మెత్తలు దానిని ఊడ్చును. గాలిమర దానిని గొట్టముగుండ పైకి ఊదును. ఆ పైన, మనిషి తలకంటె నెత్తున, పెద్ద తీగెలబుట్ట. చోదకుని ఆసనమును ఎత్తుననే. ఇక ట్రాక్టరు చిన్నచక్రములు, పెక్కింటికి జంటగా దగ్గర దగ్గర కూర్చినవి, వెనుకకు పోయినవి. మలుపు త్రిప్పునవి ఆ వెనుకటి చిన్నచక్రములే.

ఇందు మూడు దోషములు చేరియున్నవి. ఒకటి, బరువు ఎత్తున నుండుట. రెండు, క్రింద నిలుచు చోటు ముక్కోణమగుట. మూడు, వెనుకనుండి త్రిప్పుట.

మొదటిదానిని గడ్డిబండి తోలినవారికి చెప్పనక్కరలేదు. వట్టిబండి గతుకులలో ఎగిరిపడునేగాని ఒరుగదు. అదే బండికి మీదమీద గడ్డి వేసినచో, కాలువ దిగునపుడు ప్రక్కన నడచువాడు మోకు పట్టి వ్రేలాడవలసివచ్చును. బండి బరువంతయు ఒక్క బిందువునందున్నట్లు తలచిన ఆ బిందువును గురుత్వకేంద్రమందురు. దాని నుండి నేలకు వ్రేలాడదీసిన గుండుదారము చక్రముల నడిమి చోటిలో పడినంతవరకు బండి నిలుచును. దానిని దాటినచో పడును. యంత్రపు బుట్ట ఉదయము వట్టిది. సాలు సాలునకు నిండుచుండగా గురుత్వకేంద్రము పైకెక్కుచుండును. కావున ఉదయము క్షేమముగా తిరిగిన మలుపే మధ్యాహ్నమునకు ప్రాణాపాయమగును. దారి మారలేదు, చోదకుడు మారలేదు. మారినది బుట్టలోని బరువు.

రెండవది ముక్కోణము. నాలుగు మూలల నాలుగు చక్రములున్న బండికి నిలుచు చోటు నలుచదరము. ముందర రెండు, వెనుక జంటచక్రమొకటి యున్నచో మూడుకోళ్ల పీటవలె ముక్కోణము. ఇందొక లెక్క వేసి చూడవచ్చును. ఈ యంకెలు ఏ యొక్క యంత్రమునకును కొలిచినవి గావు; తెలియుటకై తీసికొన్నవి. పెద్ద చక్రముల నడుమ 6 అడుగుల వెడల్పనుకొందము. సగము 3 అడుగులు. బరువు కేంద్రము పెద్ద ఇరుసు నుండి వెనుకకు మూడవవంతు దూరమున నున్నచో, ముక్కోణము సన్నగిల్లుటచే అచ్చట మిగిలిన సగము వెడల్పు 2 అడుగులే. వట్టి బుట్టతో కేంద్రపు టెత్తు 4 అడుగులైనచో, ప్రక్కకు నెట్టు బలము బరువులో సగమైనప్పుడు యంత్రము పడును. బుట్ట నిండి ఎత్తు 5 అడుగులైనచో అయిదింట రెండువంతుల బలమే చాలును.

ఆ నెట్టుబలము మలుపులో నెంత పుట్టును? అది వేగమును వేగముచేత హెచ్చించినట్లు పెరుగును; వేగము రెట్టింపైనచో బలము నాలుగురెట్లు. 20 అడుగుల వ్యాసార్ధముగల మలుపులో, పై లెక్క ప్రకారము, వట్టి యంత్రము గంటకు 12 మైళ్ల వేగమున పడబోవును. బుట్ట నిండినచో 11 మైళ్లకే పడును. మలుపు వెలుపలివైపునకు నేల పది అడుగులకొక అడుగు చొప్పున వాలియున్నచో 9 మైళ్లు చాలును. ఒక చక్రము గతుకులో దిగినచో ఆపాటి వేగమును అక్కరలేదు. గంటకు 9 మైళ్లనగా కుఱ్ఱవాడు పరుగెత్తు వేగము. ఇంత తక్కువ వేగమున ఇంత పెద్ద యంత్రము పడునా యని నమ్మకపోవుటయే పెక్కు అపాయములకు మూలము.

మూడవది వెనుక త్రిప్పుడు. ఎద్దుబండికి ముందు ఎద్దులు తిరుగును, వెనుక చక్రములు అనుసరించును. ఈ యంత్రము పడవవంటిది, చుక్కాని వెనుకనున్నది. ముక్కు కుడికి తిరుగవలెనన్నచో తోక ఎడమకు విసరబడును. ఎడమవైపు కాలువగట్టు దగ్గరగా నున్నపుడు కుడికి త్రిప్పినవాడు ముందరి పీపాలనే చూచుచుండగా, వెనుకటి చక్రము గట్టు దాటి జారును. మఱియు వేగము హెచ్చినచో కొద్దిపాటి త్రిప్పుడునకే తోక అతిగా ఊగును. దానిని సరిచేయబోయి ఎదురుగా త్రిప్పినచో అటు ఊగును. కారు నడిపిన అలవాటుతో ఎక్కినవానికి ఇచ్చట తన అలవాటే శత్రువు. అతడు మొదట బుట్ట వట్టిదిగా నున్నపుడు, విశాలమైన చదునునేలపై, తక్కువ గేరులో ఈ విద్య నేర్చుకొనవలెను.

దీనితో ముడివడిన మఱొక సంగతి బ్రేకు. బరువంతయు ముందరి పెద్ద చక్రముల మీదికి మొగ్గియుండును. పల్లములో హఠాత్తుగా బ్రేకు త్రొక్కినచో తోక తేలును. తేలిన చక్రము త్రిప్పినను బండి తిరుగదు. కావున పల్లము దిగుటకు ముందే తక్కువ గేరు వేసికొని, ఇంజను పట్టుమీదనే దిగవలెను. దిగుచుండగా క్లచ్చి త్రొక్కరాదు, గేరు మార్చరాదు. ట్రాక్టరునకు కుడి యెడమ చక్రములకు వేర్వేరు బ్రేకు మెట్లుండును. చేనిలో ఇరుకు మలుపులకు అది సదుపాయమే. రోడ్డెక్కునపుడు మాత్రము రెంటిని కొక్కెముతో జతపరుపక మానరాదు. ఒక్క మెట్టే కాలికి తగిలినచో యంత్రము ఒక్కప్రక్కకు గిరుక్కున తిరుగును. తక్కినపని ఎత్తున నున్న బరువు చూచుకొనును.

ఇక చేనిలో పాటింపవలసిన పద్ధతులు. వాలునకు అడ్డముగా పోవుటకంటె నిలువుగా పోవుట మేలు. అడ్డముగా పోక తప్పనిచో బుట్ట నిండకమునుపే దింపవలెను. కాలువ ఎంత లోతో, గట్టునుండి కనీసమంత దూరమున నడువవలెను. 6 అడుగుల లోతునకు 6 అడుగుల దూరము. ఏలయన పైకి గట్టిగా కనబడు ఒడ్డు బరువు మోపినపుడు లోపలినుండి విరిగిపడును. కర్ణుని చక్రమునకు శాపము కారణమని కథ. నేటి చక్రమునకు తడిసిన గట్టే శాపము.

బుట్టను దింపు సమయము మిక్కిలి ప్రమాదకరము. ద్రవపీడనముతో బుట్ట పైకి లేచి ప్రక్కకు వంగి బండిలో దూది కుమ్మరించును. ఆ క్షణమున గురుత్వకేంద్రము ఇంకను పైకెక్కి, ప్రక్కకు కూడ జరుగును. కావున చదునునేల చూచి, యంత్రమును నిలిపి, బ్రేకు బిగించి, తలపైన విద్యుత్తీగెలు లేవని కన్నులార చూచి మఱి బుట్ట నెత్తవలెను. ఎత్తిన బుట్టతో అడుగైనను కదలరాదు. ఎత్తిన బుట్ట క్రింద పని చేయవలసివచ్చినచో ఇనుప ఊత పెట్టక తల దూర్చరాదు. పాత గొట్టములలోని నూనెను నమ్మి ప్రాణము నొడ్డరాదు.

కదురులలో తీగలు, దూది చిక్కుకొనుట తరచు. అర్ధనిముసమున లాగివేయవచ్చునని, ఇంజను ఆపక చేయి పెట్టువాడు చేయి పోగొట్టుకొనును. ప్రత్తి నొడిసిపట్టుటకు తీర్చిన కదురునకు చొక్కా చేతికిని, ప్రత్తికిని భేదము తెలియదు. ఇంజను ఆపి, తిరుగుట పూర్తిగా నిలిచిన పిమ్మటనే దిగవలెను. దూదిపొట్టు పొగగొట్టము మీద పేరుకొన్నచో నిప్పంటుకొనును. పూటపూటకు ఊడ్చి, నిప్పార్పు సాధనమును చేతికందునట్లుంచవలెను. మంచు ఆరకమునుపు ప్రత్తి తీయరాదు. తడిదూది చిక్కుకొనును, చిక్కుకొన్నచోటనే చేయి పెట్టు తొందర పుట్టును.

పాత యంత్రమునకు వయసు తెచ్చిన దోషములు వేరు. ఇరుప్రక్కల టైర్లలో గాలి సమముగా లేనిచో యంత్రము పుట్టుకతోనే ఒరిగినట్లు. చక్రపు మరలు, త్రిప్పుడు కీళ్లు, బ్రేకులు పరీక్షింపక రంగు మాత్రము వేయుట శవమునకు అలంకారము. ఒరిగినపుడు చోదకుని కాపాడు ఉక్కుచట్రము ఆనాటి యంత్రములకు లేదు. అట్టి చట్రమును క్రొత్త ట్రాక్టర్లకు విధిగా నుంచవలెనని 1959లో స్వీడన్ దేశము శాసించినది. కూలివారు నడుపు ట్రాక్టర్ల విషయమున అమెరికాలో 1976 అక్టోబరు తరువాత తయారైనవానికి అట్టి నిబంధన వచ్చినది. చట్రమున్నచోట నడుముపట్టీ బిగించుట ప్రాణరక్ష. చట్రము లేనిచోట పట్టీ బిగించినవాడు పడిన యంత్రము క్రింద బందీయగును. ఈ భేదము తెలియక మేలుకోరి కీడు తెచ్చుకొనువారు గలరు. రోడ్డుమీద మెల్లగా పోవు బండికి వెనుక నారింజరంగు ముక్కోణపు గుర్తు తగిలించుట 1960ల ఆరంభమున ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయమున జరిగిన పరిశోధనఫలము. వెనుకనుండి వచ్చువానికి ముందరిది మెల్లనిదని దూరమునుండియే తెలియుట దాని ప్రయోజనము.

సభ్యులారా! ఈ జాగ్రత్తలన్నియు నేటి ఇంజనీర్లు కనిపెట్టిన క్రొత్త చాదస్తములని తలపరాదు. మనుస్మృతి అష్టమాధ్యాయమున బండి ప్రమాదములకు దండనీతి చెప్పబడియున్నది. ముకుత్రాడు తెగినను, కాడి విరిగినను, ఇరుసు గాని చక్రము గాని విరిగినను, తప్పుకొమ్మని చోదకుడు కేకవేసియున్నను దండుగ లేదు. కాని చోదకుని నేర్పులేమిచే బండి దారి తప్పి హాని కలిగినచో, దండుగ బండి యజమానునకు. చోదకుడు నేర్పరియై యుండియు అట్లు చేసినచో దండుగ చోదకునకే. ఇంకను విశేషమేమనగా, నేర్పులేనివాడు తోలు బండి నెక్కి కూర్చున్నవారికిని తలకొక నూరు దండుగ! ఆ గ్రంథమందలి అన్ని మాటలను నేడొప్పుకొననక్కరలేదు. ఈ విభాగములోని న్యాయము మాత్రము తూచినట్లున్నది. పనిముట్టు విరుగుట వేరు, మనిషి నేర్వకుండుట వేరు. నేర్వనివానికి పగ్గములిచ్చినవాడు దోషి. తెలిసి ఎక్కినవాడును దోషియే.

ఈ న్యాయమును గ్రామమునకు అన్వయించి చూడుడు. ప్రత్తి తీతల నాడు ట్రక్కునిండ బోరెములు ఎత్తుగా పేర్చి, వానిమీద కూలికి పోయివచ్చు స్త్రీలను, పిల్లలను కూర్చుండబెట్టి, మీసము రాని కుఱ్ఱవానికి ట్రాక్టరు అప్పగించి, చీకటి పడకముందే చేరవలెనని తొందరపెట్టుట లోకమున కానరాని సంగతి గాదు. అచ్చటను బరువు ఎత్తుననే యున్నది. కాలువగట్టు మలుపు అట్లే యున్నది. వేగపు లెక్కయు అట్లే యున్నది. భేదమొక్కటే. ఆ దూరదేశపు బుట్టలో నుండునది దూది. ఇచ్చట బోరెములపైన నుండునది మనుష్యులు. బండి ఒరిగిన తరువాత యజమాని విధిని నిందించును, చోదకుడు రోడ్డును నిందించును. మనువు లెక్కలో ఆ సాకులు రెండును చెల్లవు.

ప్రత్తి తీయు యంత్రము ఒక తరమువారి కూలిని తీసికొనిపోయినది. అది చరిత్ర, దానిని త్రిప్పలేము. కాని యంత్రము నడుపువాని ప్రాణమును తీసికొనిపోవుట చరిత్ర గాదు, అజాగ్రత్త, దానిని ఆపవచ్చును. ఆపుటకు ధనమక్కరలేదు. బుట్ట నిండకమునుపే దింపుట, మలుపునకు ముందే వేగము తగ్గించుట, ఇంజను ఆపి మఱి చేయి పెట్టుట, నేర్వనివానికి పగ్గములీయకుండుట – ఈ నాలుగును ఖర్చులేని పనులు.

ఇరువదియైదేండ్లుగా ఈ గ్రంథాలయము దీపము క్రింద కూర్చుండి భారతము చదివినవారు గలరు, వార్తాపత్రిక చదివినవారు గలరు. ట్రాక్టరు నడుపు యువకులును ఇచ్చటికి వచ్చి, తాము నడుపు యంత్రపు పుస్తకమును ఆ దీపము క్రిందనే విప్పుదురుగాక! రథికుని కీర్తి కావ్యములలో నిలుచును. సారథి నేర్పు ఆ పూట ఇల్లు చేరిన మనుష్యులలో నిలుచును. గ్రామమునకు కావలసినది ఆ రెండవది.